అవతలి గట్టున బకెట్టు

సెంకూ నది పొంగింది. లెసోతో కొండల్లో వాన పడితే అంతే, పొద్దున దాటిన రేవు మధ్యాహ్నానికి కనిపించదు. ఇంటికి తిరిగొస్తున్న మొలెఫి గుర్రం దిగి, భుజాన దుప్పటి బిగించుకుని, గట్టు మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు.

కొండ మీది చిన్నాసుపత్రిలో పరీక్షలకని తీసిన రక్తాన్ని గుర్రం మీద తారురోడ్డు దాకా చేర్చడం అతని పని. మంచు కురిసినా మానలేదు. అది ఎవరి రక్తమో ఏనాడూ అడగలేదు. కానీ పోయిన వారం తీసుకెళ్ళిన సంచిలో తన కూతురు పులెంగ్ మడమ నుంచి తీసిన చుక్కలున్నాయి. ఆ రోజు అతను గుర్రాన్ని నడిపిన తీరు చూస్తే కోడిగుడ్లు మోస్తున్నాడనుకోవాలి.

పులెంగ్ పుట్టిన రోజున మొలెఫి తల్లి వెనకగా వచ్చి అతని నెత్తిన బకెట్టు చన్నీళ్ళు గుమ్మరించింది. ఆడపిల్ల పుట్టిందని తండ్రికి అలాగే చెబుతారు. మగపిల్లాడైతే కర్రతో నాలుగు తగిలిస్తారు. ఆ నీళ్ళు ఆరకముందే భయం పట్టుకుంది. అతనికీ భార్య మాపులెంగ్‌కీ హెచ్‌ఐవీ ఉంది. కడుపుతో ఉన్నన్నాళ్ళూ ఆమె ఒక్క పూట మందు తప్పలేదు. పిల్లకీ చుక్కల మందు వేశారు. అయినా పిల్లకి సోకలేదని నర్సు లినేయో మాట ఇవ్వలేదు. ఫలితం ఇవాళ ఆసుపత్రిలో తన ఫోనుకి వస్తుందనీ, మాపులెంగ్‌ని వచ్చి కనుక్కోమనీ, బాగున్నా సరే పాలు మాన్పించేదాకా మళ్ళీ మళ్ళీ చూడాలనీ చెప్పింది.

"కాసేపు కూర్చో నాయనా," అన్నాడు గట్టున గొర్రెలతో ఆగిపోయిన ముసలి సెఖొబె. "నువ్వు తిరిగితే నది తగ్గుతుందా? నీకన్నా నీ గుర్రమే నయం, గడ్డి తింటోంది."

అంతలో అవతలి గట్టున పసుపు దుప్పటి కనిపించింది. మాపులెంగ్. వీపున పిల్ల, చేతిలో బకెట్టు. ఆమె ఏదో అంది, నది హోరులో కలిసిపోయింది. గొంతెత్తి అరిస్తే రెండు గట్ల జనమూ వింటారు. అది ఇద్దరికీ తెలుసు.

ఆమె వంగి బకెట్టు నిండా నీళ్ళు ముంచింది. రెండు చేతులా ఎత్తి అతని వైపు విసిరింది. నీళ్ళు నదిలోనే పడ్డాయి. మళ్ళీ ముంచింది, మళ్ళీ విసిరింది. ఆమె నవ్వుతోంది. అంత దూరం నుంచీ తెలుస్తోంది.

మొలెఫి గడ్డి టోపీ తీసి, నదిలో ముంచి, నెత్తిన పోసుకున్నాడు. చాల్లేదు. ఇంకోసారి పోసుకున్నాడు. గుర్రం బెదిరి పక్కకి జరిగింది.

సెఖొబె నోరు తెరిచాడు. "ఆడపిల్లా? మొన్నే కదయ్యా ఒకతి పుట్టింది!"

"అదే పిల్ల, పెద్దాయనా," అన్నాడు మొలెఫి, గడ్డం నుంచి నీళ్ళు కారుతుంటే. "మళ్ళీ పుట్టింది."