నాన్నకు చెప్పాల్సిన మాట

మొన్న సాయంత్రం రేపల్లె నుంచి వచ్చే పాసింజరు దిగి తెనాలిలో మా ఇంటికొచ్చిన మా అమ్మాయి, భుజాన సంచీ కూడా తియ్యకుండా కుర్చీలో కూలబడి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అది చదువు చెప్పే స్కూల్లో ఈమధ్య పిల్లలచేత టీచర్లకి ఫోన్లో మార్కులు వేయిస్తున్నారట. ఎవరో పేరు లేకుండా, ఈ మేడం ఎగతాళి చేస్తారు అని రాశారట. ఎవరో తెలిస్తే అడిగేదాన్ని కదమ్మా అని అది ఏడుస్తుంటే, కాఫీ కలుపుతున్న నాకు మాత్రం బాపట్లా, మా నాన్నా గుర్తొచ్చారు.

నాన్న బాపట్లలో నేను చదివిన బళ్ళోనే లెక్కల మాస్టారు. మన తరంవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో పరీక్ష పేపర్లు ఇవ్వడమంటే అదో పెద్ద తతంగం: అందరికంటే తక్కువ వచ్చినవాళ్ళని ముందు పిలిచి, మార్కులు గట్టిగా చదివి, ఓ చెణుకు విసిరి మరీ పేపరు చేతికిచ్చేవారు. నాన్న చెణుకులకి క్లాసంతా పగలబడి నవ్వేది, పిల్లలకి తన పాఠమంటే ఎంత సరదాయో అని ఆయన మురిసిపోయేవారు పాపం. ఆ మొదటి పేరు ఎప్పుడూ సూర్యలంక నుంచి వచ్చే నా స్నేహితురాలిదే. ఒకసారి అలా పేపరు తీసుకుని వెళ్ళిన పిల్ల మళ్ళీ బడికి రాలేదు. వేటపాలెంలో వాళ్ళ పిన్నితో జీడిపప్పు పనికి వెళ్ళిపోతుందని తెలిసి నా ప్రాణం గిలగిలలాడింది.

క్లాసులో ఆడపిల్లలంతా నా వెంటపడ్డారు, మీ నాన్నేగా, నువ్వే చెప్పాలని. వాళ్ళదేం పోయింది, ఇంటికెళ్ళి ఆయన ఎదురుగా కూర్చుని అన్నం తినాల్సింది నేను! రెండు ముద్దలు మింగి, కళ్ళు మూసుకుని, మీరు అందరిముందూ నవ్వించారనే అది మానేసింది నాన్నా అనేశాను. ఆయన మొహం ఎర్రబడింది. నాకే నేర్పుతున్నావా అన్నారు, వాళ్ళు బాగుపడాలనే కదా అన్నారు, మజ్జిగన్నం తినకుండానే చెయ్యి కడిగేసుకున్నారు. వరండాలో చాలాసేపు అటూ ఇటూ తిరిగి, లోపలికొచ్చి మాత్రం, ఇంకా ఏమనుకుంటున్నారే మీవాళ్ళంతా అని మెల్లగా అడిగారు. భయం పోయి అన్నీ చెప్పేశాను, ఒక్కదానికీ అడ్డు చెప్పలేదు ఆయన.

ఆ ఆదివారం నన్ను సైకిలెక్కించుకుని సూర్యలంక వెళ్ళారు. వాళ్ళమ్మ కంగారుపడి కుర్చీ కోసం పక్కింటికి పరిగెత్తబోతే వద్దని ఆపి, గుమ్మం ముందు నిలబడే, "నవ్వులకి అన్నానమ్మా, నీకెంత కష్టంగా ఉంటుందో ఆలోచించలేదు, తప్పు నాదే, బడికి రా" అన్నారు ఆ పిల్లతో. మాస్టారేంటి, తప్పు ఒప్పుకోవడమేంటి! వాళ్ళమ్మ అయ్యో అంతమాటెందుకండీ సార్ అంటూ ఏడ్చేసింది. సోమవారం నా స్నేహితురాలు వచ్చింది. ఆ తర్వాత నాన్న పేపర్లు మడిచి, బెంచీ బెంచీకీ వెళ్ళి తానే ఇచ్చేవారు.

రిటైరయ్యాక పాత విద్యార్థులు ఇంటికొచ్చి, కాళ్ళకి దండం పెట్టి, మీలాంటి మాస్టారు లేరండి అని పొగిడి వెళ్ళేవారు. వాళ్ళు గేటు దాటగానే నాన్న నావైపు తిరిగి, ఏంటే, నా తప్పు చెప్పేవాళ్ళు ఒక్కరూ మిగల్లేదా అని దిగులుపడేవారు. మా అమ్మాయికి తన తప్పు చెప్పిన పిల్ల ఉంది, ఎక్కడో ఉంది. దాని పేరు దీనికి తెలీదు, దీని కన్నీళ్ళు దానికి తెలీవు. ఏ గుమ్మం ముందుకెళ్ళి నిలబడమని చెప్పను నా కూతురికి?