నేను రాసిన జనాభా లెక్క

ఒక ఊళ్ళో ఉన్న పిల్లల్లో సగం మందిని మూడు రోజుల్లో మాయం చేసిన ఘనుణ్ణి నేను. మంత్రం వేయలేదు, మందు పెట్టలేదు. ఒక్క ఉపన్యాసం ఇచ్చాను, అంతే. ఇరవై రెండేళ్ళ వయసులో అంతకంటే పెద్ద ఉపద్రవం ఎవరైనా తెచ్చిపెట్టి ఉంటే ముందుకు రమ్మనండి, దండం పెడతాను. చదివి నవ్వండి, పర్వాలేదు. మధ్యలో ఎక్కడన్నా నవ్వు ఆగిపోతే ఆ తప్పు కూడా నాదే.

నిజాం ఏలుబడి చివరికొచ్చిన రోజులు. ఎక్కడో యుద్ధం జరుగుతోంది. కోస్గికి నాలుగు కోసుల దూరంలో, వాన పడితే జొన్నలు, పడకపోతే దుమ్ము పండే ఒక ఊళ్ళో నేను బడిపంతుల్ని. ఏ ఇంట్లో ఎందరున్నారో రిజిస్టరులో రాసి కింద దస్తఖతు చేసే పని సర్కారు నా నెత్తిన పెట్టింది. ఎందుకని నేను అడగలేదు. నాకు అప్పటికే అన్నీ తెలుసు.

ఎలా తెలుసంటారా? ఆ నెలలోనే ఒక పాత పత్రిక నా చేతికొచ్చింది. జనం ఎక్కువైతే దేశం బీదదవుతుందని, సంసారాలు చిన్నవైతే సంపద పెరుగుతుందని ఎవరో పెద్దమనిషి అందులో నాలుగు పేజీలు రాశాడు. ఐదో పేజీ చిరిగిపోయింది. ఉన్న నాలుగింటితోనే నేను ఆర్థికశాస్త్రంలో పండితుణ్ణయిపోయాను. పెళ్ళి కాలేదు, పసిబిడ్డను ఎత్తుకున్న పాపాన పోలేదు. అయినా చావడి ముందు ఊరందరినీ కూర్చోబెట్టి, చేతిలో ఒక జొన్నరొట్టె పట్టుకుని మొదలుపెట్టాను.

"గీ రొట్టె దేశమనుకోండ్రి. ఇద్దరు పిల్లలుంటే చెరి సగం. కడుపు నిండుతది. ఎనమండ్రుంటే?" రొట్టెను ఎనిమిది తునకలు చేసి చూపించాను. "ఎవ్వని కడుపు నిండుతది? దేశం గిట్లనే బీదగయింది. మీరే చేసిండ్రు!"

అందరూ రొట్టె వంకే చూస్తున్నారు. అది దేశభక్తి కాదు, ఆకలి. వెనక వరుసలోంచి లచ్చమ్మ లేచింది. ఆమెకు మూడెకరాల చెల్క, మంచం దిగలేని మొగుడు, ఐదుగురు పిల్లలు.

"తినేటోళ్ళ లెక్క మంచిగ జెప్పినవు పంతులూ. గా జొన్న పండించినోళ్ళ లెక్క జెప్పవా? మా పెద్దోడు పటేలింట్ల వెట్టి జేస్తడు. మా ఆయన దగ్గుకుంట పన్నడు. మరి కలుపు ఎవలు దియ్యాలె?"

"గదే మీ అజ్ఞానం!" అన్నాను. శభాష్ అంటారేమోనని చుట్టూ చూశాను. ఎవ్వరూ అనలేదు. దాంతో నాకు పౌరుషం వచ్చింది. "పిల్లల్ని ఎక్కువ గంటే సర్కారుకు కోపమొస్తది. మూడొద్దులకు నేనే ఇంటింటికొచ్చి రాస్త. అందరి పేర్లు పైకి పోతయి. చూసుకోండ్రి మరి!"

ఆ ఊళ్ళో సర్కారు మేకలను రాసుకున్న ఏడాది వాటి మీద పన్ను పడింది. మగవాళ్ళను రాసుకున్న ఏడాది ఇంటికొకరు వెట్టికి పోవాల్సి వచ్చింది. పిల్లల్ని రాసుకుంటే ఏమవుతుందో ఊహించుకోవడానికి వాళ్ళకు ఏ పత్రికా అక్కర్లేదు. ఇంత చిన్న సంగతి నా పండిత బుర్రకు తట్టలేదు.

మూడో రోజు రిజిస్టరు చంకన పెట్టుకుని బయలుదేరాను. మొదటి ఇంట్లో ఇద్దరు పిల్లలు. రెండో ఇంట్లో ఇద్దరు. మూడో ఇంట్లోనూ ఇద్దరే! లచ్చమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"పిల్లలెందరు?"

"ఇద్దరు."

"మొన్న అయిదుగురుండ్రి గద?"

"పక్కింటోళ్ళు ఆడుకోను వచ్చిండ్రు."

అంతలో ఇంటి మూలన ఉన్న జొన్నల గుమ్మిలోంచి తుమ్ము వినబడింది.

"అదేంది?"

"పిల్లి."

ఇంకో తుమ్ము.

"రెండు పిల్లులు," అంది లచ్చమ్మ, కనురెప్ప కదపకుండా.

ఈసారి లోపల్నుంచి కిసకిస నవ్వు. "పిల్లి నవ్వుతదా లచ్చమ్మా?"

"మా ఇంట్ల నవ్వుతది."

నాకు తెలియలేదని మీరు అనుకుంటే మీరు నాకంటే అమాయకులు. గుమ్మి మూత తీస్తే సరిపోయేది. తీయలేదు. ఎందుకంటే ఆ అంకెలు ఎంతో ముచ్చటగా ఉన్నాయి. నా ఒక్క ఉపన్యాసంతో ఊరు ఊరే దారికొచ్చిందని తాలూకాకు రాసుకోవచ్చు. ఇద్దరు అని రాసి, దస్తఖతు చేసి, సిరా ఆరేదాకా ఊదాను. ఆ ఊదుడు తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేనే లెంపకాయ కొట్టుకోవాలనిపిస్తుంది.

జొన్న కోతలయ్యాక లేవీ ధాన్యం వసూలుకు గిర్దావరు, అంటే రెవెన్యూ అధికారి, వచ్చాడు. యుద్ధం రోజులు కదా, పండిన గింజల్లో ఇంటి తిండికి కొంత వదిలి మిగతాది సర్కారు తీసుకుంటుంది. తిండికి ఎంత వదలాలి? ఇంట్లో ఎన్ని తలలుంటే అంత. తలల లెక్క ఎక్కడుంది? పంతులు రాసిన రిజిస్టరులో ఉంది.

లచ్చమ్మ కళ్ళంలో నలుగురికి సరిపోయే చిన్న కుప్ప పక్కకు నెట్టి, పెద్ద కుప్పను బస్తాల్లోకి ఎత్తడం మొదలుపెట్టారు. ఆ ఇంట్లో తినేది ఏడుగురు. ఆ చిన్న కుప్ప ఎండాకాలం దాకా కూడా రాదు. లచ్చమ్మ పరుగున పోయి మిగిలిన ముగ్గురు పిల్లల్ని తెచ్చి గిర్దావరు ముందు నిలబెట్టింది.

"వీళ్ళు గూడ నా పిల్లలే సాబ్."

"రిజిస్టర్ల ఇద్దరే ఉన్నరు గదా?"

"రాసినాయిన ఆడ నిలవడ్డడు. అడుగుండ్రి."

ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. పిల్లల తలల మీద చేయి వేసి నా నోటి వంక చూస్తూ నిలబడింది. నిజం చెబితే నా నౌకరి పోతుంది. చెప్పకపోతే ఆ పిల్లలు పస్తులుంటారు. నాకు చచ్చేంత సిగ్గేసింది.

"తప్పు నాది సాబ్," అన్నాను. "తెలిసే తక్కువ రాసిన. ఊరంత గిట్లనే రాసిన."

"ఊరంతనా?" గిర్దావరు బస్తా మీద కూలబడ్డాడు. చెడ్డవాడు కాదు పాపం, తనకూ ఫికర్ ఉంటుంది. "దిద్దితే నీ నౌకరీ పోతది, నా నౌకరీ పోతది." పేజీలు తిప్పి తిప్పి ఆఖరి పేజీ దగ్గర ఆగాడు. "నీ ఇల్లేది పంతులూ?"

ఊరందరినీ రాసి నన్ను నేను రాసుకోవడం మరిచిపోయాను!

"గీ పేజీ ఖాళీగున్నది. ఖాళీ జాగల రాస్తే దిద్దుడు గాదు. ఇంటి యజమానివి నువ్వు. రాయి గీ పిల్లలందర్ని నీ ఇంటి కింద."

కలం సిరాలో ముంచాను. "పేర్లు జెప్పు లచ్చమ్మా."

"ఎల్లయ్య, నర్సమ్మ, సాయిలు, పోచమ్మ, బాలయ్య, చిన్న నర్సమ్మ."

ఆరు పేర్లు రాసి తలెత్తాను. ఎదురుగా ముగ్గురే ఉన్నారు. "కడమ ముగ్గురేరి?"

"సాయిలు, పోచమ్మ గత్తర రోగమొచ్చి పోయిండ్రు. బాలయ్య పురిట్లనే పాయె. పేర్లడిగితివి గదా, జెప్పిన."

నేను ఆ మూడు పేర్లూ కొట్టేశాను. ఆ మూడు గీతలు గీయడానికి పట్టినంత సేపు నాకు ఏ పరీక్షలోనూ పట్టలేదు.

"ఇద్దర్నే గనుమన్నవు పంతులూ," అంది నెమ్మదిగా. "మంచిదే. ఎనమండ్రిల ఏ ఇద్దరు బతుకుతరో ముందుగాల జెప్పు. గా ఇద్దర్నే గంట."

నా నాలుగు పేజీల శాస్త్రాన్ని పక్కన పెట్టి తర్వాతి తల్లిని పిలిచాను.

ఆ తర్వాత ఊరంతా వరుస కట్టింది. గాదెల్లో, గడ్డివాముల్లో దాగిన పిల్లలందరూ ఒక్కొక్కరే నా ఇంట్లో పుట్టారు. గిర్దావరు మధ్యలో ఆపి, "తల్లి పేరు?" అన్నాడు.

"ఇంక పెండ్లి కాలేదు సాబ్."

"పర్వాలేదు. రిజిస్టర్ల గా గడి ఖాళీగ వదిలెయ్."

పంతులింటి తిండి కింద వదిలిన జొన్నల బస్తాలతో బడి నిండిపోయింది. ఆడవాళ్ళు వచ్చి ఎవరి పాలు వాళ్ళు ఎత్తుకుపోయారు. చివర్లో లచ్చమ్మ గంప నెత్తిన పెట్టుకుని రిజిస్టరు వైపు గడ్డంతో చూపించింది.

"ఎందరయిండ్రు పంతులూ నీకు?"

"నలభై ముగ్గురు," అన్నాను తల వంచుకుని.

"నలభై ముగ్గురా! జర తగ్గించుకో నాయినా. దేశం బీదగయితది."

కాబట్టి పాఠకులారా, పెళ్ళికి ముందే నలభై ముగ్గురు పిల్లల తండ్రినైన నేను మీ అందరి సాక్షిగా ఒట్టు వేస్తున్నాను. ఎవరింట్లో ఎందరు పుట్టాలో ఈ జన్మలో ఇక చెప్పను. నోరు ఆగక చెప్పాలనిపించిన రోజున ముందు ఆ తల్లి దగ్గర కూర్చుని, పోయిన పిల్లల పేర్లు అడుగుతాను. ఆవిడ చెప్పడం అయ్యాక కూడా నాకు ఉపన్యాసం ఇచ్చే ధైర్యం మిగిలి ఉంటే, అప్పుడు ఇస్తాను.