నాలుక మీది నేరేడు రంగు

గోదమ్మ ఎవరు ఎదురైనా బాగున్నారా అని అడిగే మనిషి కాదు. పాదాల నుంచి తల దాకా ఓసారి చూసి, "ఏంది, తిన్నది ఒంటికి పడ్తలేదా?" అనేది. హైదరాబాదు పాతబస్తీ జహనుమాలో ఆ వీధి మొత్తానికి ఆమె నోరంటే హడలు, ఆమె చేతి ముద్దంటే ప్రాణం. బక్కపలచటి పిల్ల కనబడితే చాలు, రెక్క పట్టుకుని లోపలికి లాక్కెళ్ళి ఏదో ఒకటి తినిపించి గానీ వదిలేది కాదు. లోకంలో ఉన్న రోగాలన్నిటికీ ఆమె దగ్గర ఒకటే మందు, తిండి.

ఆమె భర్త రాఘవాచారి పక్క వీధిలోని వేణుగోపాలస్వామి గుడి వంటశాలలో ముప్పై ఏళ్ళు వండాడు. స్వామికి నివేదన కాకముందు రుచి చూడకూడదు గనుక మూతికి గుడ్డ కట్టుకుని వండేవాడు. ఉప్పెంత వేయాలో ఆయన చేతికే తెలుసు. ఒక్కనాడు తప్పలేదు.

గోదమ్మకేమో ఉప్పు అంచనా ఏనాడూ కుదిరి చావలేదు. ఆయన పీట మీద కూర్చోగానే వంటింట్లోంచి కేక వేసేది.

"ఉప్పు సరిపోయిందా?"

"మంచిగ కుదిరింది గోదా."

ఉప్పు కషాయమైనా అదే మాట, చప్పగా ఉన్నా అదే మాట. తర్వాత తాను ముద్ద నోట్లో పెట్టుకున్నాక నిజం తెలిసేది. "చెప్తే మీ సొమ్మేం పోతుండె?" అని అరిచేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. వాళ్ళకు పిల్లలు లేరు. ఆ అరుపూ ఆ నవ్వూ తప్ప ఇంట్లో వేరే సందడి ఉండేది కాదు.

పోయిన ఏడాది ఉగాది దాటాక రాఘవాచారికి పేగులో పుండు అన్నారు, మామూలు పుండు కాదన్నారు. పెద్దపేగు మొత్తం తీసేశారు. పొట్ట మీద చిన్న రంధ్రం పెట్టి, దానికో సంచి అతికించారు. తిన్నదాంట్లో ఒంటికి పట్టనిదంతా ఆ సంచిలోకి వచ్చి పడుతుంది. ముప్పై ఏళ్ళు మడితో వండిన మనిషి, ఆ సంచితో గుడి గడప తొక్కనని తానే అన్నాడు. పూజారులు రమ్మని పిలిచినా వెళ్ళలేదు.

డాక్టరు ఒకటే చెప్పాడు. ఇప్పుడు నలభై నాలుగు కిలోలున్నాడు, యాభైకి రావాలి, అప్పుడే తర్వాతి మందు ఎక్కిస్తాం. తినవలసినవన్నీ ఒక కాగితం మీద రాసిచ్చారు. అందులో మొదటిది మెత్తటి పెరుగన్నం. గోదమ్మ మూతి తిప్పింది.

"పెరుగన్నం తినమని చెప్పనీకి గింత పెద్ద దవాఖాన ఎందుకు?"

కాగితం తీసుకెళ్ళి పోపుల డబ్బా కింద పెట్టింది.

అప్పుడే నేరేడు పండ్ల కాలం వచ్చింది. చాంద్రాయణగుట్ట వంతెన కింద బండి పెట్టే జైబున్నీసా ఒక పండు చిదిమి, ఆ రంగు చూపించి, "దేఖో అమ్మా, ఇస్సే ఖూన్ బన్తా" అంది. రక్తం ఊరుతుందంటే ఇంకేం కావాలి? గోదమ్మ మనసు ఆ రంగుకు అతుక్కుపోయింది. రోజూ పొద్దున్నే ఆటో ఎక్కి వెళ్ళి, మెత్తనివి ఏరి తెచ్చి, కడిగి, గింజలు తీసి, ఉప్పు చల్లి గిన్నెడు ముందు పెట్టేది.

"ముద్ద దద్దోజనం చేస్తవా గోదా?" అని ఒకరోజు అడిగాడు రాఘవాచారి. "జర అల్లం, రెండు మిరియాలేసి."

"మొదలు గివి తినుండ్రి. కడుపుల జాగ ఉంటే రేపు చేస్త."

ఆయన కడుపులో ఆ పూటకు పట్టేదే గుప్పెడు. ఆ గుప్పెడూ నేరేడు పండ్లే. తిన్నాక గోదమ్మ పరీక్ష పెట్టేది.

"ఏదీ, నాలుక చూపియ్యుండ్రి."

ముసలాయన బడిపిల్లాడిలా నాలుక చాపేవాడు. ఊదా రంగు చూసి ఆమె మురిసిపోయేది.

సంచి కడిగేదీ మార్చేదీ ఆమే. మొదటిరోజు సంచిలో ఎర్రగా, నల్లగా కనబడేసరికి "అయ్యో, రక్తమండీ!" అని కేక పెట్టింది. అది నేరేడు రంగని తెలిశాక ఇద్దరూ ఒకటే నవ్వు. ఆ తర్వాత రోజూ అదే రంగు. పొద్దున పెట్టింది పెట్టినట్టే మధ్యాహ్నానికి సంచిలో ఉంటోందని ఆమెకు తట్టలేదు. పండు పనిచేస్తోందనే అనుకుంది. మొండి మనిషి! కళ్ళముందున్నదాన్ని కూడా తనకు కావలసినట్టే చూసుకుంది.

ఆదివారం ఆదివారం బియ్యం దుకాణానికి నడిపించుకెళ్ళి కాటా మీద నిలబెట్టేది. నలభై మూడున్నర. నలభై మూడు. పండ్లు చాలడం లేదనుకుని గిన్నె మార్చి పెద్దది పెట్టింది. దద్దోజనం మాట ఆయన ఇంకో రెండుసార్లు ఎత్తాడు. రెండుసార్లూ రేపన్నది.

తొలి ఏకాదశి వెళ్ళిన మూడోనాడు పొద్దున, పదకొండు పండ్లు తిని పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు. చివర తులసి తీర్థం పోద్దామని నోరు తెరిస్తే నాలుక ఇంకా ఊదాగా ఉంది.

పన్నెండోనాటి పనులన్నీ అయ్యాక, రాఘవాచారి అన్న మనుమరాలు అభిజ్ఞ తోడుగా ఉండిపోయింది. పోషకాహారం చదువుతున్న పిల్ల. రోగం వచ్చినప్పటి నుంచీ ప్రతి ఆదివారం వచ్చి తాతను చూసి వెళ్ళేది. గోదమ్మ ఆమెను కూర్చోబెట్టుకుని చెప్పిందే చెప్పింది.

"ఇంకో పది దినాలు ముందు షురూ చేస్తే బతుకుతుండె బిడ్డా. పండ్లు జర లేటయినయి."

 అభిజ్ఞ ఇక చెప్పకుండా ఆపుకోలేకపోయింది.

"నానమ్మా, ఆ రంగుల ఉన్న మంచి గుణం చిన్నపేగుల ఒంటికి కొంచమే పడుతది. మిగిలింది పెద్దపేగుకు పోతది. ఆడ కంటికి కనబడని జీవాలు కోట్లుంటయి. అవి దాన్ని చిన్నచిన్న ముక్కలు చేస్తేనే రక్తంలకు పోతది. తాతకు పెద్దపేగే లేకపాయె. పండ్ల తీపి గిట్ట ఒంటికి పట్టింది గని, ఆ రంగు శానమట్టుకు సంచిలకే పోయింది."

గోదమ్మ ముఖం తెల్లబోయింది. "నాకెందుకు చెప్పలే?"

"తాతకు చెప్పిన. సంచిల రంగు చూసి ఆయనే అడిగిండు. 'అంటే లోపలి వంటశాల తీసేసిండ్రన్నట్టు' అని నవ్విండు. నీకు చెప్త అంటే ఒట్టేయించుకున్నడు. 'చెప్పకు బిడ్డా, ఇంకేం పెట్టాల్నో తెలువక పిచ్చిదైతది' అన్నడు."

"ఎప్పుడు?"

"పండ్లు షురూ అయిన రెండో ఆదివారం."

అంటే మూడు వారాలు తెలిసే తిన్నాడు. తెలిసే నాలుక చాపాడు.

"పెరుగన్నం తిన్నా ఆగేది కాదు నానమ్మా. అప్పటికే కాలేయానికి పాకింది." అభిజ్ఞ ఏడుస్తూ ఆమె చేతులు పట్టుకుంది.

"ఆగకపోతే పాయె బిడ్డా," అంది గోదమ్మ. "అడిగిన దద్దోజనమన్న తిని పోతుండె గద."

పోపుల డబ్బా కింది కాగితం గుర్తొచ్చింది. గుండెల మీద బాదుకుని ఏడ్చింది. "ముప్పై ఏండ్లు ఉప్పు సంగతి చెప్పకపోతివి, పోతూ పోతూ గిదన్న చెప్పకపోతివా!" అని, ఆయన ఉన్నప్పుడు ఏనాడూ అననిది, నువ్వు అని తిట్టింది. వీధి వీధంతా విన్నది.

మర్నాడు పొద్దున స్నానం చేసి, మూతికి ఆయన గుడ్డ కట్టుకుని దద్దోజనం చేసింది. అన్నం మెత్తగా వండి, చల్లారనిచ్చి, పెరుగు కలిపి, జర అల్లం, రెండు మిరియాలు. ఉప్పు చేతిలోకి తీసుకుని చాలాసేపు నిలబడింది. వేసి కలిపింది. రుచి చూడలేదు. ఆయన పీట వాల్చి, ముందు ఆకు పరిచి వడ్డించింది.

అలవాటు కొద్దీ వంటింట్లోకి వెళ్ళి అక్కడి నుంచే కేక వేసింది.

"ఉప్పు సరిపోయిందా?"

గడపలో నిలబడ్డ అభిజ్ఞ ఖాళీ పీట వైపు చూసింది. గోదమ్మ జవాబు కోసం అలాగే చూస్తూ ఉంది.