బెంచీ మీద సగం చోటు

తిరుత్తణిలో నా స్టూడియోకు వచ్చే ముసలి ఆడవాళ్ళు కెమెరా ముందు బిగుసుకుపోతారు. భయమని అనుకునేవాణ్ణి. పళ్ళిపట్టు నుంచి బస్సులో వచ్చిన ఆ నేతపని అవ్వ గురించీ మొదట అలాగే అనుకున్నాను.

బెంచీ మధ్యలో కూర్చోబెడితే ఆమె ఎడమ చివరకు జరిగింది. నేను మళ్ళీ మధ్యకు రమ్మన్నాను. వచ్చినట్టే వచ్చి మళ్ళీ జరిగింది. మూడోసారి విసుక్కున్నాను.

"ఆయనకు చోటు వద్దా నాయనా?" అంటూ సంచిలోంచి భర్త ఫొటో తీసింది. ముప్పై ఏళ్ళు నిండకుండానే పోయాడట. ఆయనది మిగిలిన ఫొటో అదొక్కటే.

పోయినవాళ్ళను పక్కన చేర్చి జంట ఫొటో చేయడం మాకు మామూలే. అలవాటుగా అడిగాను.

"అవ్వా, ఈయన మరీ చిన్నోడుగా ఉండాడే. ఈయన తల నెరిపించేదా, లేకుంటే నీ ముడతలు తీసేసేదా?"

"రెండూ వద్దు. ఎట్లుండేది అట్లే ఉండనీ."

"చూసినోళ్ళు తల్లీకొడుకులు అనుకుంటారు."

"అనుకోనీ నాయనా. నేను ఇట్లయినానని ఆయనకు తెలీదు గదా. సూడనీ."

ఆ మాట అని జుట్టు తడుముకుంది, కొంగు సర్దుకుంది, నిటారుగా బిగుసుకుని కూర్చుంది. ఈసారి భయమని అనుకోలేదు.