పక్కింటి కోడి గుడ్లు, నా సాక్ష్యం

చర్చిలో ప్రభువు బల్ల ఇచ్చే ఆదివారం దగ్గరపడుతుంటే భయం పట్టుకుంది నాకు. మా తెలుగు చర్చిలో పద్ధతి అలాంటిది. తప్పు చేసినవాళ్లు లేచి అందరి ముందు ఒప్పుకోవాలి. ఆ తర్వాతే రొట్టె, ద్రాక్షరసం. దాచుకుని తీసుకుంటే దేవుడి శిక్ష తప్పదని పెద్దలు చెప్పేవారు. నేను దాచుకున్నవి గుడ్లు.

అండమాన్ దీవికి వచ్చిన కొత్తలో బాంబూఫ్లాట్‌లో మా పక్కింట్లో మలబారు వైపు ముస్లిం కుటుంబం ఉండేది. ఆ ఇల్లాలి కోడి కంచె దూరి వచ్చి మా కట్టెల చాటున గుడ్లు పెట్టేది. ఎవరి కోడో తెలిసి కూడా వాటిని మా పొదిగే పెట్ట కింద పెట్టేశాను. చేతికి అందినది వదిలే మనిషిని కాను. గుడ్లు పిల్లలయ్యాయి.

నేను చదివింది మూడో తరగతి. వాళ్ల మతం గురించి విన్నది ఒక్కటే. ఓ రోజు ఆమెని అదే అడిగాను.

"మీలో దొంగకి చెయ్యి నరికేస్తారంట, నిజమేనేటి?"

ఆమె చేపలు తోముతూ నవ్వింది.

"అది తీర్పు చెప్పే ఖాజీ పని దీదీ. సాక్షులుండాలి, విచారణ ఉండాలి, ఆకలికి తీశాడా అని చూడాలి. ఊరికే కత్తి పట్టుకుని తిరుగుతామా ఏంటి!"

"మరి పట్టుబడనోడో?"

"అల్లా వాడి తప్పు మీద పరదా వేశాడు. దాన్ని వాడే ఎందుకు తీసెయ్యాలి? అల్లా ముందు తౌబా చెయ్యాలి. సిగ్గుపడాలి, మళ్లీ చెయ్యకూడదు, ఎవరిది వాళ్లకి ఇచ్చెయ్యాలి. బస్. ఊరంతా చెప్పకూడదు. చూసినోళ్లూ చెప్పకూడదు."

మాకు నేర్పినదానికి ఇది పూర్తిగా ఎదురు. ఇలా కూడా ఉంటుందా అనిపించింది. ఇంటికెళ్లి కోడిపిల్లల్ని బుట్టలో వేసుకొచ్చి ఆమె ముందు పెట్టి సంగతి చెప్పాను.

"మాలూమ్ దీదీ. నా కోడి మీ కట్టెల్లోంచే అరుచుకుంటూ వచ్చేది. మాఫ్ చేశాను. నీ పెట్టనే తల్లనుకుంటున్నాయి, ఉంచుకో. ఎవరికీ చెప్పకు."

కానీ ఆదివారం బల్ల దగ్గరికి వెళ్లాలంటే చెప్పక తప్పదనుకున్నాను. లేచి అంతా చెప్పేశాను.

మర్నాడు పక్కింటామె, నేను పడవలో అవతలి ఊళ్లోకి వెళ్లడానికి జెట్టీలో నిలబడ్డాం. మా చర్చి ఆడవాళ్లు ఇద్దరు నా చేతిలో బుట్ట చూసి ఎగతాళి అందుకున్నారు.

"ఏటక్కా, బుట్టలో ఈవేళ ఎవరి గుడ్లు?"

నేను బుట్ట వెనక్కి దాచుకున్నాను. ఆమె ముసుగు సర్దుకుంది.

"ఆ గుడ్లు నేనిచ్చినవి. మీకేం తక్‌లీఫ్?"

పడవెక్కాక ఉండబట్టలేక ఆమెని అడిగాను.

"అబద్ధమాడావేటి? నీకు పాపం కాదా?"

"అబద్ధమెక్కడ? మాఫ్ చేసిన రోజే నీకిచ్చేశాను. నీ తప్పు నేను కప్పితే నువ్వు చర్చికి పోయి విప్పుకున్నావు!"

ముఖం సముద్రం వైపు తిప్పేసుకుంది. అవతలి ఒడ్డున పడవ దిగుతూ నేనే కదిపాను.

"విప్పినదానికి కూడా తౌబా ఉందేటి మీలో?"

"ఉంది," అంది వెనక్కి చూడకుండా. "నోరు మూసుకుని నడువు."