ఖాళీ తొట్టికి మేత

చేపల మేత డబ్బా మూత తీస్తే ఎండు రొయ్యల వాసన వస్తుంది. చూడడానికి ఎరుపూ ఆకుపచ్చా కలిసిన రంగు కాగితాల ముక్కల్లా ఉంటుంది కానీ, మూత తీసీ తియ్యగానే ముక్కుకు తగిలేది మాత్రం అచ్చంగా ఎండు రొయ్యల బుట్టే. మొన్నామధ్య లండన్‌లో (ఇంగ్లాండు లండన్ కాదు, మా ఒంటారియో లండన్, ఈ మాట చెప్పీ చెప్పీ విసుగొచ్చింది నాకు) మా ఆరేళ్ళ ఇషా చేపలు కావాలని నెల రోజులుగా ప్రాణం తీస్తుంటే షాపుకు తీసుకెళ్ళి, మంచిదేనా అని డబ్బా మూత తీసి వాసన చూసి, ఆ నడవలో అలాగే నిలబడిపోయాను. ఎండు రొయ్యల వాసనకు ఎవరికైనా వంటిల్లో, సముద్రమో గుర్తుకురావాలి. నాకు మంచు గుర్తొచ్చింది. చిన్నప్పుడు రెజైనా ఊళ్ళో మేమున్న అపార్ట్‌మెంటు మూడో అంతస్తూ, హాల్లో ఒక మూల గాజు తొట్టీ, దాని ముందు మంకీ క్యాపు పెట్టుకుని కూర్చుని, ఒక్క చేపైనా లేని నీళ్ళలోకి రెండు వేళ్ళతో మేత చల్లుతున్న మా తాతయ్యా గుర్తొచ్చాడు.

తాతయ్య మా అమ్మకు నాన్న. కైకలూరు దగ్గర చేపల చెరువులు చేసేవాడు. చెరువంటే మెట్లూ తామరలూ ఉండేది కాదు. పొలం తవ్వి గట్లు పోసి, బొచ్చె పిల్లల్నీ శీలావతి పిల్లల్నీ వదిలి, సంచుల్లో తవుడు కట్టి మేపి, ఏడాది తిరిగేసరికి ఐసు పెట్టెల్లో లారీలకెక్కించే చెరువు. తెల్లారకముందే గట్టు మీదకు వెళ్ళి, నీళ్ళలో గాలి చాలక చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయేమో చూడడంతో ఆయన రోజు మొదలయ్యేదట. అమ్మమ్మ పోయిన ఏడాది, ఒక్క చలికాలమైనా నా దగ్గరుండమని అమ్మ ఫోనులో ఏడ్చి గోల చేసి, చెరువులు మావయ్యకు అప్పజెప్పించి, తాతయ్యను రప్పించుకుంది. అక్టోబరు చివర్లో వచ్చాడు. సూట్‌కేసు తెరిస్తే సున్నుండలూ, కందిపొడీ, పాతచింతకాయ పచ్చడీ, వాటి మధ్యన పంచెలో చుట్టిన ఎండు రొయ్యలూ. ఆ వాసనకు మా ఎదురింటి ఆవిడ తలుపు తెరిచి చూసి మళ్ళీ వేసుకుంది. అప్పుడు నాకు తొమ్మిది నిండి పది రాబోతోంది.

ఆ చలికాలం సంగతి ఏం చెప్పను. కిటికీ అద్దానికి లోపలి వైపునే మంచు పేరుకునేది, దాని మీద గోటితో బొమ్మలు గీస్తే గోరు కింద చలి పట్టుకునేది, స్కూలు నుంచి వచ్చేసరికి కనురెప్పలు అతుక్కుపోయేవి, హీటరు మీద ఆరేసిన సాక్సుల వాసనా అమ్మ పోపు వాసనా కలిసి ఇల్లంతా ఒక మాదిరి వెచ్చటి కంపు. ఇంజన్లు గడ్డకట్టకుండా కార్లకు కరెంటు వైర్లు తగిలించి ఉంచితే, ఇదేంటి పశువుల్ని కట్టేసినట్టు కట్టేశారని తాతయ్య నాన్నను ఆటపట్టించేవాడు. అమ్మ సూపర్‌మార్కెట్ చేపతో పులుసు పెడితే, తలకాయ లేని చేప చేపెలా అవుతుందని రెండు ముద్దలు తిని లేచేవాడు. చింతపండు ముద్దలో దొరికిన గింజల్ని అరగదీసి, అట్టపెట్టె మీద గళ్ళు గీసి, నాకు అష్టాచెమ్మా నేర్పించాడు. ఆయన తెలుగులో అడిగేవాడు, నేను ఇంగ్లీషులో జవాబిచ్చేదాన్ని, ఆట మాత్రం సజావుగానే సాగేది. కానీ ఆయనకు పొద్దు పోయేది కాదు. నాలుగింటికే లేచి కిటికీ దగ్గర నిలబడేవాడు. చూడడానికి అక్కడ గట్టూ లేదు, నీళ్ళూ లేవు.

డిసెంబరులో రెండో అంతస్తు వాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తూ వాళ్ళ చేపల తొట్టి కావాలా అని అడిగితే, తాతయ్యకు పనేదో ఒకటుంటుందని అమ్మ వెంటనే తెప్పించింది. తినని చేపను పెంచడమేంటని తాతయ్య ఒక పూటంతా నవ్వాడు. రెండో పూటకు చొక్కా చేతులు మడిచి, తొట్టి చుట్టూ తిరుగుతూ, అద్దం మీద వేలితో తట్టి చూస్తున్నాడు. కిటికీ పక్కన వద్దన్నాడు, ఎండ పడితే పాచి, పైగా చలి. హీటరు పక్కనా వద్దన్నాడు. చివరికి హాల్లో గోడ మూలన, నలుగురూ తిరగని చోట పెట్టించి, నేల సమంగా ఉందో లేదో పళ్ళెంలో నీళ్ళు పోసి చూశాడు. నాకేమో అరచేతంత నారింజ రంగు గోల్డ్‌ఫిష్‌లు కావాలి, అదీ ఆ రోజే కావాలి. షాపులో ఒక పెద్దావిడ, గోల్డ్‌ఫిష్ బాగా పెరుగుతుంది, నీళ్ళు తొందరగా పాడు చేస్తుంది, ఈ తొట్టి దానికి చాలదు, మొదటిసారి పెంచేవాళ్ళకు చారల జీబ్రా చేపలు మంచివి, మొండివి, అవీ ఒక ఆరు చాలు అంది. అంతకంటే ముందు నెలా నెలన్నర చేపలే లేకుండా తొట్టి నడపాలంది. ఫిల్టరూ హీటరూ ఆడుతూ ఉండాలి, రోజూ చిటికెడు మేత వెయ్యాలి, అది కుళ్ళి విషమవుతుంది, ఆ విషాన్ని తినే కంటికి కనపడని జీవాలు ఫిల్టరు స్పాంజిలో పుట్టుకొస్తాయి, అవి కాపురం పెట్టాకే చేపలు. నాన్న తెలుగులో చెబుతుంటే తాతయ్య మొహం విప్పారిపోయింది. చెరువుకైనా అంతే కదా, సున్నం చల్లి, పెంట వేసి, నీళ్ళు రంగు తిరిగాకే కదా చేపపిల్లను వదిలేది. ఇంటికొచ్చేదాకా బస్సులో ఆవిడను మెచ్చుకుంటూనే ఉన్నాడు.

అలా మొదలైంది. కుళాయి నీళ్ళు బకెట్లో పట్టి, క్లోరిన్ విరగడానికి చుక్కలు వేసి, చెయ్యి పెట్టి చూసి వేణ్ణీళ్ళు కలిపి, చెంబుతో పోసి తొట్టి నింపాం. రోజూ సాయంత్రం నేను స్కూలు నుంచి రాగానే ఇద్దరం తొట్టి ముందు చేరేవాళ్ళం. ఆయన మేత చల్లేవాడు. చిన్న గాజు గొట్టంలో తొట్టి నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేసి ఊపి, రంగు చూసి చెప్పడం నా పని. ఆకుపచ్చగా మారితే విషం ఉన్నట్టు, పసుపుగా ఉంటే లేనట్టు. చెరువులో పచ్చదనం కోసం ఏడ్చే మనిషికి ఇది తలకిందుల లెక్క అయింది. రంగు తేలడానికి ఐదు నిమిషాలు పట్టేది, ఈలోగా అష్టాచెమ్మా ఒక పందెం. తాతయ్య మార్చిలో వెళ్ళిపోవాలి, టిక్కెట్టు కొనేసి ఉంది, చెరువుల్లో కొత్త పిల్ల వదిలే కాలం. జనవరి చివరికి చేపలొస్తాయి, నెలన్నరైనా కళ్ళారా చూసుకుని వెళ్తానని ఫోనులో మావయ్యకు చెప్పుకునేవాడు.

నాకు మాత్రం తల కొట్టేసినట్టుండేది. పై అంతస్తు ఎమిలీ, నా క్లాసే, ఆడుకోవడానికి వచ్చి, మీ తాతయ్య ఎవరికి తిండి పెడుతున్నాడని అడిగి పగలబడి నవ్వింది. మర్నాటికి క్లాసంతా అడిగారు. ఇంటికొచ్చి తాతయ్యతో మాట్లాడలేదు. ఆయన కోపం ఎందుకని అడగలేదు, నా బదులు తనే గొట్టం ఊపి, కళ్ళజోడు పైకెత్తి రంగు చూసుకున్నాడు.

జనవరిలో నా పుట్టినరోజు. క్లాసు పిల్లలు ఆరుగురు వస్తున్నారు. ఆ పొద్దున నాన్న తాతయ్యను క్షవరానికి తీసుకెళ్ళాడు. అమ్మ వంటింట్లో పులిహోర కలుపుతూ, బూరెలకు పూర్ణం ఉండలు చేస్తోంది. నేను తొట్టి వంక చూశాను. నీళ్ళు మసగ్గా ఉన్నాయి, అద్దాలకు గోధుమ రంగు జిగురు, అడుగున కుళ్ళిన మేత, ఫిల్టరు స్పాంజి బురదలా ఉంది. వచ్చిన వాళ్ళంతా ఇది చూసి నవ్వుతారని నా భయం. చెంబుతో నీళ్ళన్నీ తోడి పారబోశాను. రాళ్ళు వేణ్ణీళ్ళలో కడిగాను. అద్దాలు గిన్నెలు తోమే సబ్బుతో తోమాను. స్పాంజిని కూడా అదే సబ్బుతో, నురగ తెల్లగా వచ్చేదాకా పిండి పిండి ఉతికాను. అమ్మ తొంగి చూసి, ఇన్నాళ్ళకు ఇంట్లో ఒక పని చేశావని మెచ్చుకుంది. చెరువుల ఇంట్లో పుట్టిందన్న మాటే గానీ, హాస్టళ్ళలో చదువుకున్న మా అమ్మకు నీళ్ళ సంగతి నాకంటే ఎక్కువేమీ తెలియదు. సాయంత్రం ఎమిలీ ఒక ప్లాస్టిక్ సంచీ తెచ్చింది, అందులో నా కోసం రెండు గోల్డ్‌ఫిష్‌లు. అందరం కేకలు పెడుతూ మెరిసిపోతున్న తొట్టిలో వదిలేశాం.

క్షవరం నుంచి అటే ఎవరింటికో వెళ్ళిన నాన్నా తాతయ్యా కేకు కోసే వేళకు వచ్చారు. తాతయ్య బూట్ల మీది మంచు దులుపుకుని, తొట్టి దగ్గరకొచ్చి, వంగి చాలాసేపు చూశాడు. కోప్పడతాడని నేను కేకు కత్తి పట్టుకుని అలాగే ఉన్నాను. ఆయన అడిగింది ఒక్కటే.

"స్పాంజి కూడా కడిగేశావా అమ్మడూ?"

తలూపాను. సరేలే అని నా నెత్తి మీద చెయ్యి వేసి, కేకు కొయ్యమన్నాడు.

మర్నాడు తెల్లారేసరికి రెండూ పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. ఆయన పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఏది చూడకూడదని గట్టెక్కేవాడో అదే చూశాడు. రెండు రోజులు బకెట్లతో కొంచెం కొంచెంగా నీళ్ళు మారుస్తూనే ఉన్నాడు. మూడో రోజుకు రెండూ పోయాయి. నేను దుప్పట్లో దూరి ఏడుస్తుంటే, చేపల గురించి ఏడుస్తున్నాననుకున్నారు అందరూ. నేను వేళ్ళు మడిచి మార్చి దాకా వారాలు లెక్కపెట్టుకుని ఏడ్చాను. మళ్ళీ మొదటి నుంచి మొదలు. ఈసారి సబ్బు పోవడానికి అన్నీ పదిసార్లు జాడించి, కొత్త స్పాంజి వేసి, తాతయ్య మళ్ళీ మేత చల్లడం మొదలుపెట్టాడు. ఈసారి నేను ఒక్క రోజు కూడా గొట్టం ఊపడం మానలేదు. ఎమిలీ నవ్వితే, తాతయ్య నీళ్ళు పెంచుతున్నాడని మొహం మీదే చెప్పాను. గొట్టం మాత్రం పచ్చగానే ఉంది. ఫిబ్రవరి అయింది, పచ్చగానే ఉంది. మార్చి వచ్చింది. విమానాశ్రయానికి బయల్దేరే ముందు మూడు స్వెటర్ల మీద కోటు వేసుకుని, తొట్టి ముందు కూర్చుని ఆఖరిసారి మేత వేశాడు.

"నే లేనని మేత మానకే. రంగు తిరిగాక తెచ్చుకో. మళ్ళీ చలికాలం వత్తాగా, చూత్తాను."

ఆయన వెళ్ళిన పన్నెండో రోజున గొట్టంలో నీళ్ళు పసుపుగా నిలిచాయి. బయట ఇంకా మంచు ఉంది. ఆరు జీబ్రా చేపల సంచీని కోటు లోపల గుండెకు ఆనించుకుని బస్సులో తెచ్చాను. సంచీని అలాగే తొట్టిలో తేలనిచ్చి, నీళ్ళు కొంచెం కొంచెం కలిపి వదిలాను, తాతయ్య చెరువులో పిల్లను వదిలే పద్ధతది. ఫోను చేసి చెబితే, నోళ్ళు పైకి పెడుతున్నాయా అని అడిగాడు. లేదన్నాను. అయితే బాగున్నట్టే అన్నాడు. నాన్న ఫొటో తీసి పోస్టులో పంపితే, ఫ్లాష్ అద్దం మీద పడి, తెల్లటి మచ్చ తప్ప ఏమీ రాలేదు. తాతయ్య ఆ ఫొటోనే చొక్కా జేబులో పెట్టుకుని, గట్టు మీద కనపడ్డ ప్రతివాడికీ చూపించి, మా మనవరాలి చేపలు ఈ మచ్చ వెనకాల ఉన్నాయని చెప్పేవాడని మావయ్య చెప్పాడు. మళ్ళీ చలికాలానికి మోకాళ్ళన్నాడు, ఆపై చలికాలానికి డాక్టరు వద్దన్నాడు. ఆ తర్వాత ఆయనే లేడు. ఆయన ఆ చేపల్ని చూడలేదు. నేను కడిగిన ఒక్క స్పాంజి వల్ల చూడలేదు, ఈ సంగతి ఇన్నేళ్ళలో అమ్మతో కూడా అనలేదు.

ఇప్పుడు ఇక్కడ మన తెలుగువాళ్ళలో ఎవరు తొట్టి కొన్నా నాకే ఫోను చేస్తారు, కొన్నాక కాదు, చేపలు చచ్చాక. అక్కా, నీళ్ళు అద్దంలా ఉన్నాయి, అయినా పోతున్నాయి అంటారు. చిన్న గాజు గిన్నెలు వద్దు, పెద్ద తొట్టి తీసుకోండి, వారానికి పావు వంతు నీళ్ళే మార్చండి, స్పాంజిని తొట్టి నీళ్ళలోనే పిండండి, ముందే నెల రోజులు ఖాళీగా నడపండి అని చెబుతాను. అంతా వింటారు. నెల రోజుల మాట దగ్గర మాత్రం అందరికీ నవ్వొస్తుంది. ఆ అపార్ట్‌మెంటు కొట్టేసి వేరేది కట్టారట. చెరువులు మావయ్య రొయ్యల సాగుకిచ్చేశాడు. నన్ను అమ్మడూ అని పిలిచే మనిషి ఈ భూమ్మీద లేడు.

మా హాల్లో తొట్టి పెట్టి ఆరు వారాలైంది. ఇషా రోజూ స్కూలు నుంచి రాగానే గొట్టం ఊపి, రంగు చూసి, నాట్ యెట్ అని పెద్దరికంగా చెబుతుంది. పోయిన గురువారం నుంచి దానికి ఆ పని ఇవ్వడం మానేశాను. నేనే చూసి, ఇంకా లేదు అని చెబుతున్నాను. గురువారం నుంచీ అది పసుపుగానే ఉంది. ఈ వయసులో కన్నబిడ్డతో ఇంత అబద్ధం ఎందుకంటే, ఆ తొట్టి ఖాళీగా ఉన్నంతసేపూ దాని ముందు తాతయ్య కూర్చునే ఉన్నాడు, చేపలొస్తే లేచి వెళ్ళిపోతాడు. నిన్న ఇషా దాని బుల్లి కుర్చీ తెచ్చి తొట్టి ముందు వేసుకుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. అలా చూసేసరికి నా మీద నాకే సిగ్గేసింది. దాన్ని పిలిచి గొట్టం చేతికిచ్చాను. పసుపు చూసి ఇల్లెగిరిపోయేలా అరిచింది.

రేపు పొద్దున ఆరు జీబ్రా చేపలు తెచ్చుకుంటాం. ఈ పూట మేత మాత్రం నేనే వేస్తానని దాని చేతిలోంచి డబ్బా తీసుకున్నాను. తాతయ్య వేసినట్టే రెండు వేళ్ళతో నలిపి, గట్టు మీంచి చెరువులోకి విసిరినట్టు, అవతలి అద్దం దాకా చల్లాను. కాసేపు పైన తేలి, మెల్లగా అడుక్కి దిగిపోయింది. ఎవరూ రాలేదు.