ముహూర్తం షాట్‌లో నష్టమా

ఫిల్మ్ నగర్‌లో మా ఆఫీసు. గుర్రప్పందేల్లో ఏ గుర్రం మీద కాస్తే ఎంత వస్తుందో ఆ రేట్లు తెచ్చి చూపించే సాఫ్ట్‌వేర్‌ను ఎలా వాడాలో గైడ్ రాయడం నా పని. "రేట్లు ఆలస్యంగా రావచ్చు, వీటిని నమ్మి పందెం కాస్తే నష్టపోతారు" అని మొదటి పేజీలోనే రాశాను. ఒకప్పుడు సినిమాలు తీసిన మా బాస్ ఈ రోజు అది చదివి మొహం చిట్లించాడు.

"ముహూర్తం షాట్‌ల ఎవరన్న నష్టం అనే డైలాగ్ పెడ్తరా? తీస్కపోయి చివరి పేజీల పెట్టు."

"అక్కడిదాకా ఎవరూ చదవరు సార్."

"నాకు తెల్వదా ఏంది?"

పెట్టాను. సినిమాల్లో శుభం కార్డు పడే చోట ఇప్పుడు నా హెచ్చరిక ఉంది. మీలో ఏ గైడునైనా చివరి పేజీ దాకా చదివినవాళ్లు ఒక్కరున్నా కింద చెప్పండి, నాకు కాస్త నిద్ర పడుతుంది.